మొండత్త టైర్లకి నీళ్లు పట్టిన రోజు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు గుర్తున్నవాళ్లు ఎవరూ లేరు. అందరికీ మొండత్తే. చాటుగా అనుకునే పేరు కాదది, ముఖం మీదే పిలుస్తారు, ఆవిడా పలుకుతుంది. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా నొచ్చుకుని "అదేంటండీ, అలా పిలుస్తారు?" అంటే, "మొండిదాన్నే మరి. మెత్తగా ఉంటే మీరు బతకనిస్తారా?" అని వాళ్లనే నిలదీస్తుంది.

ఆ పేరు పెట్టింది మామగారు. ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో పెరట్లో కుళాయి కారడం మొదలైంది. బాగుచేసేవాడు రేపొస్తాను, ఎల్లుండొస్తాను అంటూ కాళ్లరిగేలా తిప్పాడు. ఈవిడ ఒకరోజు పట్టుకారు తీసుకుని తనే విప్పేసింది. పైన నీళ్లు కట్టెయ్యాలన్న సంగతి తెలియకుండా విప్పింది కాబట్టి నీళ్లు పెరడు దాటి, వంటింట్లోకొచ్చి, మామగారి మంచం కింద చేరాయి. సాయంత్రానికి కుళాయి కారడం ఆగింది. మామగారి చెప్పులు మాత్రం గుమ్మం దాకా తేలుకుంటూ వచ్చాయి. ఆయన వాటిని చూసి, "ఇది మొండిదిరా అబ్బాయ్, జాగ్రత్త" అన్నాడు కొడుకుతో. ఆవిడ చేసే ప్రతి పనీ అంతే. పని అవుతుంది, పక్కన ఇంకేదో తడుస్తుంది. నన్నడిగితే, ఒడ్డున కూర్చుని సలహాలు చెప్పే పదిమందికన్నా, ఇల్లు తడిపైనా సరే కుళాయి ఆపే మనిషే నయం.

అత్తగారు లేదు. చిన్నకొడుకుని కని ఆ పురిట్లోనే కన్నుమూసింది. మొండత్త గుమ్మంలో అడుగుపెట్టేసరికి మరిది ఇంకా బోర్లాపడని పసివాడు. పాలసీసా పట్టడం, భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరడం, జ్వరమొస్తే ఒళ్లో పెట్టుకుని తెల్లార్లూ కూర్చోవడం అన్నీ ఈవిడే. ఆవిడకి కడుపున పిల్లలు పుట్టలేదు. ఎవరైనా జాలి చూపించబోతే, "ఉన్నాడుగా ఒకడు, వాడితోనే వేగలేక చస్తున్నా" అనేది. ఆ ఒకడు పెరిగి, పెళ్లిచేసుకుని, అదే ఇంటికి మధ్యలో అడ్డగోడ కట్టుకుని అవతలి వాటాలో కాపురముంటున్నాడు. గోడ మనిషెత్తు కూడా లేదు. ఇటు దగ్గితే అటు వినిపిస్తుంది.

ట్రాక్టరు మొండత్త భర్తది. ఆయన నెమ్మదైన మనిషి. కోపం వస్తే పైపంచె దులుపుకుని బయటికెళ్లి కూర్చునే రకం. ఒక సాగులో ఆయన జ్వరంతో పడుకుంటే, ఎవరినీ అడగకుండా ఈవిడ బండెక్కి దుక్కి పూర్తిచేసింది. అప్పట్నుంచీ ఇద్దరూ నడిపేవాళ్లు. రెండేళ్ల కిందట ఎగువ చేను దున్నుతుండగా బండి పక్కకి జారి ఒరిగింది. ఆయన దూకాడు. దూకితే ప్రాణం దక్కింది కానీ తుంటి విరిగింది. అప్పట్నుంచీ ఆయన చేతికి కర్ర, వరండాలో కుర్చీ వచ్చాయి. బండి తాళం మొండత్త చొక్కా జేబులోకి వచ్చింది. పొలానికి వెళ్లేటప్పుడు ఆవిడ మొగుడి పాత చొక్కా పైన తొడుక్కుంటుంది. ఆ చొక్కాలో మనిషి సగమే ఉంటుంది. గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉండే మనిషి, మాటలో మాత్రం అంగుళం వెనక్కి తగ్గదు.

ఎగువ చేను సంగతి చెప్పాలి. పంపకాల్లో దిగువనున్న చదును పొలం తమ్ముడికి పోయింది, వాలుమీదున్న ఎగువ చేను అన్నకి వచ్చింది. దాన్ని వాలుకి అడ్డంగా దున్నాలి, నిలువుగా దున్నితే మొదటి వానకే మట్టంతా కిందికి జారిపోతుంది. అడ్డంగా నడిపితేనేమో పైవైపు చక్రం తేలికైపోయి ఉన్నచోటే తిరుగుతుంది. రెండేళ్లుగా ఆ చేను బీడుపడి ఉంది. ఈసారి దున్ని తీరతానని మొండత్త బండి తోలుకెళ్లింది. మొదటి చాలు సగం కూడా కాకముందే టైర్లు గిర్రున తిరిగి, మట్టి తవ్వి, కూరుకుపోయాయి. చివరికి మరిది ఎవరిదో ట్రాక్టరు అడిగి తెచ్చి, తాడు కట్టి లాగాడు.

లాగినవాడు ఊరుకున్నాడా? అరుగులమీద జనమంతా వినేలా అందుకున్నాడు.

"చాల్లే వదినా, ఇంక తాళం ఇటిచ్చెయ్. అది నీ వల్ల అయ్యే పని కాదు."

"ఎందుకు కాదు?"

"బరువే లేని మనిషివి. సీట్లో నువ్వు కూర్చున్నా ఒకటే, నీ చొక్కా ఆరేసినా ఒకటే."

అరుగులమీద నవ్వులు. పుండు మీద కారం చల్లినట్టయింది ఆవిడకి.

"విను. వానపడేలోగా ఎగువ చేను నేనే దున్నుతాను. దున్నలేకపోతే ఈ తాళం నీ చేతిలో పెట్టి, మళ్లీ ఆ సీటు మొహం చూడను. సరేనా?"

"మాట తప్పవుగా?"

"నేనెప్పుడు తప్పాన్రా? నీకు మాటలు నేర్పిందే నేను."

అనడానికి అనేసింది. ఇంటికొచ్చాక గానీ ఏం పందెం కాసిందో తలకెక్కలేదు. తాళం పోతే ఆవిడకి మిగిలేది వరండాలో రెండో కుర్చీ. మొగుడి పక్కన కూర్చుని వీధిలో పోయేవాళ్లని లెక్కపెట్టుకోవడం. ఆ కుర్చీని తలచుకుంటేనే ఆవిడకి కంపరం.

భర్త కర్రతో నేలమీద గీస్తూ, "వాడన్నదాంట్లో ఒకటి నిజమేనే" అన్నాడు.

"మీరు కూడానా?"

"నీ బరువు సంగతి కాదు, బండి బరువు. వెనక టైర్లకి పట్టు చాలడంలేదు. టైర్లలో నీళ్లు పట్టిస్తే ఆ బరువుకి చక్రం నేలని కరుచుకుంటుంది. బరువు కిందే ఉంటుంది కాబట్టి బండి అంత తేలిగ్గా ఒరగదు కూడా. నేనే రేపు పట్టిద్దాం, మాపు పట్టిద్దాం అని రోజులు గడిపాను." తుంటిమీద చెయ్యి వేసుకున్నాడు. "గడిపి ఇదిగో, ఇలా కూర్చున్నాను."

ఆవిడ ఆ పూటే బండి టైర్ల షాపుకి తోలింది. షాపువాడు నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చి, సంగతి విని, నసిగాడు.

"ఇప్పుడెందుకత్తా నీళ్లూ గీళ్లూ? రిమ్ములు తుప్పుపడతాయి."

"నీళ్లుండేది ట్యూబులో కదా, రిమ్ముకి తుప్పెందుకు పడుతుంది?"

"అంటే... ఖాళీ లేదు. వచ్చేవారం చూద్దాం."

షాపులో ఈగలు తప్ప ఇంకో గిరాకీ లేదు. ఆవిడ వాడి కళ్లలోకి చూసింది. వాడు పానా కేసి చూశాడు.

"నిజం చెప్పు."

"నన్నేం అనకు అత్తా. ఆ బండి ముట్టుకోవద్దని మీ మరిది చెప్పి వెళ్లాడు."

ఆవిడ ఒంటికాలిమీద లేచింది. "నా బండి ముట్టుకోవద్దని చెప్పడానికి వాడెవడు? వినడానికి నువ్వెవడివి? మీరిద్దరూ కలిసి నా చేతులకి కూడా తాళం వేస్తారా? నేనే పట్టుకుంటాను పో!"

"నీకు రాదత్తా!"

"రానిది వచ్చేదాకా చేస్తాను" అని బండెక్కింది.

మర్నాడు పొద్దున్నే పెరట్లో పని మొదలైంది. భర్త కుర్చీ వరండాలోంచి పెరట్లోకి మారింది. ఆయన చెప్పేవాడు, ఆవిడ చేసేది. అంటే, ఆయన ఒకటి చెప్పేలోపు ఆవిడ ఇంకోటి చేసేసేది.

ఇరుసు కింద జాకీ పెట్టి, చక్రం నేలకి తగలకుండా లేపి, చెక్కదిమ్మ దోపింది. అక్కడివరకూ బాగానే ఉంది. ఆయన "వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పు" అన్నాడు. వాల్వు అప్పటికి కిందనే ఉంది. కూర్చుంటే చేతికి అందుతోంది. అందేదాన్ని పైకి తిప్పుకోవడం దేనికని ఆవిడ అక్కడే వాల్వు లోపల గాలిని ఆపే పిన్ను విప్పింది. లోపల గాలి ఇంకా నిండుగా ఉంది. పిన్ను తుపాకీ గుండులా ఎగిరి, ఆవిడ చెవి పక్కనుంచి పోయి, ఎక్కడో బురదలో పడింది.

"దెబ్బ తగిలిందా?" ఆయన కర్ర వదిలేసి సగం లేచాడు.

"తగిలుంటే మీకు వినపడేది. కూర్చోండి."

బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దదేమో ఆ పిన్ను. అది లేకపోతే ఎన్ని నీళ్లు పట్టినా టైరులో ఆగవు. టైర్ల షాపువాడి దగ్గరికి వెళ్లి ఇంకో పిన్ను ఇమ్మని అడగడం కన్నా ఆవిడకి చావు నయం. వంటింట్లోంచి పిండి జల్లెడ తెచ్చి, కుళాయి కింద కూర్చుని, బురదని గుప్పెడు గుప్పెడు కడిగి జల్లించింది. గోడ అవతలినుంచి మరిది గొంతు వినిపించింది.

"ఏంటి వదినా, బంగారం దొరికిందా?"

"దొరికితే నీకు పెట్టన్లే."

దొరికింది, జల్లెడలో గులకరాయి పక్కన. ఆవిడ దాన్ని కొంగుతో తుడిచి, భర్త అరచేతిలో పెట్టి, "ఇది మీ ఉద్యోగం. వేళ్లు విప్పారో చూడండి" అంది. ఆయన పని ముగిసేదాకా ఆ పిడికిలి విప్పలేదు.

గాలి పోయాక బాత్రూం మీది ట్యాంకునుంచి పైపు లాగి, దాని చివర సన్నటి రబ్బరు గొట్టం తొడిగి, దాన్ని వాల్వుకి బిగించి, సైకిలు ట్యూబు పట్టీతో గట్టిగా చుట్టింది. నీళ్లు వదిలింది. కాసేపు పోయాయి, ఆగిపోయాయి. లోపల చిక్కుకున్న గాలి అడ్డుపడుతోందని భర్త చెబుతుండగానే గొట్టం లాగేసింది. వాల్వు ఇంకా కిందనే ఉంది కదా! పోయిన నీళ్లన్నీ ఒకే ధారగా ఆవిడ మొహాన కొట్టాయి. మొగుడి చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

ఆయన నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డాడో కుర్చీకి తెలుసు. గోడ అవతల మాత్రం పకపకమని వినిపించింది.

"నవ్వు, నవ్వు! నీ ఉచ్చగుడ్డలు ఉతికేటప్పుడే ఇంతకన్నా ఎక్కువ తడిశాన్రా!"

అవతల నవ్వు టక్కున ఆగింది. ఈసారి చక్రం తిప్పింది. వాల్వు పైకి వచ్చింది. స్టూలు వేసుకుని ఎక్కి, గొట్టం బిగించి, కాసేపు నీళ్లు పోనిచ్చి, గొట్టం తీసింది. బుస్సుమని గాలి వచ్చింది. మళ్లీ బిగించింది, మళ్లీ తీసింది. నాలుగైదుసార్లు అయ్యేసరికి ఆ వరస చేతులకి పట్టుబడింది. కాసిని తాగించు, ఆపు, గాలి వచ్చేదాకా ఆగు, మళ్లీ తాగించు. ఈ పని తనకి ఎప్పుడో వచ్చు. తెలియకుండానే ఎడమచెయ్యి టైరుని మెల్లగా తడుతోంది. అది గమనించుకుని, ఎవరైనా చూశారేమోనని గోడకేసి చూసింది.

గోడమీద మరిది తల ఉంది. ఎప్పట్నుంచి ఉందో. ఈసారి వాడి మొహంలో నవ్వు లేదు.

"ఎప్పుడాపాలో తెలుసా అసలు?" అన్నాడు.

"గాలికి బదులు నీళ్లొస్తే కడుపు నిండినట్టు. నిన్ను పెంచినదాన్ని, నాకు తెలీదా? మెడ విరుగుతుంది, గోడ దిగు."

నీళ్లు వచ్చాయి. అంటే టైరు ముప్పావు నిండింది. ఆవిడకి ఇంకాస్త పట్టాలనే ఉంది. ముప్పావు బరువుకే ఇంత మేలైతే, నిండా పడితే ఇంకెంత! ఆ సంగతి మొహంలోనే కనిపెట్టి భర్త గొంతు పెంచాడు. ఆయన గొంతు పెంచడం వీధి వీధంతా విన్న మొదటిసారి అదే.

"వద్దు! పైన గాలికి చోటు ఉండాలి. లేకపోతే టైరు బండరాయైపోయి రాయి తగలగానే చీలిపోతుంది. నా మాట విను, ఈ ఒక్కసారి విను!"

ఆవిడ విన్నది. విన్నందుకు పిసరంత గుర్రుగా ఉన్నా, పిన్ను అడిగి తీసుకుని బిగించి, కాలిపంపుతో మిగతా గాలి కొట్టింది. ముప్పావు నీళ్లే కాబట్టి ఇక కొట్టాల్సిన గాలి కొంచెమే. రెండో టైరుకి తప్పులు చేయలేదు, తిట్టడం మాత్రం మానలేదు, అదీ షాపువాణ్ని. వెనక బరువు పెరిగితే ముందు తేలుతుందని ఆయనంటే, ముందు బంపరుకి ఇసుకబస్తాలు కట్టింది. సాయంత్రమయ్యేసరికి నడుము నిలవడంలేదు. ఆ సంగతి ఆయనతో కూడా అనలేదు.

తెల్లవారాక బండి తీసింది. వీధి అరుగులన్నీ నిండిపోయాయి, సినిమాకి వచ్చినట్టు. బండి కదలడంలోనే ఏదో తేడా తెలిసింది. మునుపు గంతులు వేసేది, ఇప్పుడు కడుపుతో ఉన్న మనిషిలా ఒద్దికగా నడుస్తోంది. భేషనుకుంటూ గేటు దగ్గర ఎప్పట్లాగే బ్రేకు తొక్కింది. ఎప్పట్లాగే ఆగడానికి అది ఎప్పటి బండి కాదు కదా. ఇంకో మూరెడు ముందుకి పోయి, గేటు దిమ్మని నెట్టింది. దిమ్మ తీరిగ్గా పక్కకి ఒరిగి, వీధిలో పడుకుంది.

ఎవరో ఈల వేశారు. "ఎగువ చేను అయిందా అత్తా? గోడతో మొదలెట్టావా?"

మొహం కందగడ్డలా అయింది కానీ ఆవిడ దిగలేదు. "నా గేటు, నా దిమ్మ. మీ గేటు దగ్గరికి వచ్చినప్పుడు మాట్లాడండి" అని గేరు మార్చింది. లోపల మాత్రం ఒకటే ఆలోచన. చదునులోనే ఇలా తోసుకుపోతే వాలులో ఏం చేస్తుంది? తగ్గించిన గేరులో, అడుగులో అడుగు వేసినట్టు తోలాలని ఆ దిమ్మ దగ్గరే నేర్చుకుంది. చెయ్యి కాల్చుకోకుండా ఏదీ నేర్చుకున్న మనిషి కాదు.

ఎగువ చేను చేరి నాగలి దించింది. పోయినసారి చక్రం కూరుకున్న గుంట ఎదురుగా నోరు తెరుచుకుని ఉంది. దూరంగా తప్పుకోకుండా దాని పక్కనుంచే పోనిచ్చింది. పైచక్రం ఒకసారి జంకి, మట్టిని కరుచుకుంది. పట్టింది! నాగలి వెనక మట్టి విరిగి, తిరగబడి, నల్లగా పడుతోంది. ఆవిడ గట్టిగా కేక పెట్టింది. ఏమని అరిచిందో ఆవిడకే తెలియదు. సంతోషం అంతే.

రెండు చాళ్లు అయ్యాయి, మూడోది అందుకుంది. అప్పుడు కనిపించాడు మరిది. చేను దిగువన, అన్న పడ్డ చోట, బండికి సరిగ్గా కింద నిలబడి ఉన్నాడు. బండి ఎటు కదిలితే అటు తనూ నడుస్తున్నాడు, రెండు చేతులూ కాస్త ముందుకి చాపి.

"తప్పుకోరా! ఏంటా నిలబడ్డం?"

తప్పుకోలేదు. ఆవిడ బండి ఆపి, బ్రేకు బిగించి, ఇంజను కట్టేసి, తాళం జేబులో వేసుకుని దిగింది. వాలు దిగి వాడి ముందు నిలబడింది. వాడి చొక్కా చెమటకి తడిసిపోయి ఉంది. చేతులు ఇంకా అలాగే ఉన్నాయి.

"ఏంటిది? బండి పడితే పట్టుకుందామనా?"

వాడు పైనున్న బండి కేసే చూస్తున్నాడు.

"ఇంత బండిని చేతుల్తో ఆపుతావా? బుద్ధుందా నీకు?"

"ఆరోజు అన్నయ్య పడ్డప్పుడు నేను ఈ గట్టుమీదే ఉన్నా వదినా." వాడి గొంతు పసివాడి గొంతైపోయింది. "చూస్తూ నిలబడ్డా. కాళ్లు కదల్లేదు. నువ్వు సీటెక్కిన ప్రతిసారీ అదే కనిపిస్తుంది. నువ్వు కూడా పోతే..."

ఆవిడకి అప్పుడు అర్థమైంది. షాపువాడికి చెప్పి రావడం, అరుగుల ముందు వెక్కిరించడం, తాళం, బరువు, అన్నీ ఇదే. అర్థమై జాలి వేసింది. జాలితోపాటు ఒళ్లు మండింది. రెండూ ఒకేసారి వచ్చాయి, ఆవిడ రెంటినీ దాచుకోలేదు.

"భయమేస్తే భయమేసిందని చెప్పాలి. తాళం అడగకూడదు. నీ భయానికి మందు నన్ను కుర్చీలో కూర్చోబెట్టడమా? ఎవడి భయం వాడే మొయ్యాలిరా, ఇంకొకళ్ల చేతులు కట్టెయ్యకూడదు."

"భయమేస్తోంది వదినా."

"నాకూ వేస్తోంది. పొద్దున గేటు దగ్గర్నుంచీ కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. అయినా దున్నుతున్నానా లేదా? పో, పైగట్టెక్కి కూర్చుని ఎంత భయపడతావో భయపడు. కింద నిలబడితే మాత్రం నేను బండి తియ్యను. నువ్వు పడితే నేను పట్టుకోలేను, ఇప్పుడు నువ్వు బరువెక్కావు."

వాడు వెళ్లాడు. పైగట్టుమీద మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ మళ్లీ సీటెక్కింది. ఎండ నడినెత్తికి వచ్చి, అటు వాలింది. బండి ఒకచోట కాస్త పక్కకి జారింది. గట్టుమీద వాడు లేచి నిలబడ్డాడు. బండి నిలదొక్కుకుంది. వాడు కూర్చున్నాడు. అలా లేస్తూ కూర్చుంటూ వాడు, గేరు మారుస్తూ ఆవిడ, చివరి చాలు దాకా వచ్చారు. వాన మాత్రం ఆరోజు రాలేదు, ఆ వారమంతా రాలేదు. ఇంత తొందరెందుకు పడ్డావత్తా అని తర్వాత వీధి నవ్వింది. నవ్వనీ.

చివరి చాలు అయ్యాక ఇంజను ఆపింది. వాడు దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు.

ఆవిడ జేబుమీద చెయ్యి వేసుకుంది. "తాళమా?"

"కాదు. దిగు, పట్టుకుంటా."

ఆవిడ ఆ చెయ్యి కేసి చూసింది. ఇనప మెట్టుమీద తనే కాలు మోపి, నడుము పీకుతున్నా మూలగకుండా, తనే దిగింది. దిగాక ఆ చెయ్యి పట్టుకుని, అన్న పడ్డ చోటు ఎలా దున్నిందో చూపించడానికి వాణ్ని కిందికి లాక్కెళ్లింది.